పందుల టాన్సిళ్లలో బాక్టీరియా సంక్రమణ: సూక్ష్మదర్శిని పరిశీలన, పరిభాష

1. ప్రవేశిక

ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ, మన్యం అంచుల్లోని సవర గూడేల్లోనూ పందుల పెంపకం పేదల జీవనాధారాలలో ఒకటి. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. అటువంటి చోట బోధించే విజ్ఞానం పెంపకందారును చేరవలసింది తెలుగులోనే. అక్కడ మొదటి చిక్కు పేరులోనే ఎదురవుతుంది. ‘గవదబిళ్లలు’ అనే మాట చెవి కింది లాలాజల గ్రంథులు వాచే వైరస్ వ్యాధికి పేరు. గొంతులోని టాన్సిళ్ల వాపునూ కొందరు అదే మాటతో చెబుతారు. ఈ సందిగ్ధత వల్ల ఇక్కడ ‘టాన్సిల్’ అనే మాటనే గ్రహించడమైంది.

2. నిర్మాణం

మనిషి గొంతులో ఇరుపక్కలా కనిపించే టాన్సిళ్లు పందికి ఉండవు. మెత్తని అంగిలిలో పరచుకొన్న టాన్సిల్ ఆ పని చేస్తుంది. దాని ఉపరితలంపై కనిపించే చిన్న రంధ్రాలు ‘క్రిప్టులు’ అనే లోతైన గుంటలకు ముఖద్వారాలు. ఆహారంతో, గాలితో వచ్చిన సూక్ష్మజీవులు ఈ గుంటల్లో చేరతాయి. వాటిని గుర్తించి ఎదుర్కొనే లసికా కణాలు ఆ గోడల కిందనే గుమిగూడి ఉంటాయి. రక్షణకై ఏర్పడిన ఈ స్థానమే కొన్ని బాక్టీరియాలకు ఆశ్రయమూ అవుతుంది.

3. పరిశీలన

కణజాలాన్ని ఫార్మలిన్‌లో నిలవచేసి, పారఫిన్ మైనంలో పొదిగి, సుమారు 5 మైక్రోమీటర్ల మందంతో కోస్తారు. హిమటాక్సిలిన్-ఇయోసిన్ రంజనంలో కేంద్రకాలు నీలంగా, కణద్రవ్యం గులాబీ రంగులో కనిపిస్తాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతిలో స్ట్రెప్టోకాకస్ సూయిస్ ఊదారంగు జంటలుగా, పొట్టి గొలుసులుగా కనిపిస్తుంది. పాశ్చురెల్లా ఎర్రగా కనిపిస్తుంది. అయితే రంగూ ఆకారమూ జాతిని నిర్ణయించలేవు. అందుకు వర్ధన పరీక్షగాని పీసీఆర్‌గాని అవసరం.

4. ఉనికి, సంక్రమణ

ఇక్కడ ఒక భేదం గమనార్హం. క్రిప్టులో బాక్టీరియా కనబడినంత మాత్రాన అది వ్యాధి కాదు. ఆరోగ్యంగా ఉన్న పందుల టాన్సిళ్లలోనూ అవి నివసిస్తాయి. కొద్దిపాటి న్యూట్రోఫిల్ కణాలూ ఉండవచ్చు. పైపొర చిట్లడం, కణజాలం నశించడం, న్యూట్రోఫిళ్లు గుంపులై చీము గడ్డ కట్టడం వంటి ప్రతిక్రియలు కనిపించినప్పుడే సంక్రమణను నిర్ధారించాలి. మొదటిది ‘ఉనికి’, రెండవది ‘సంక్రమణ’. ఈ రెండు మాటలను పర్యాయపదాలుగా వాడితే పరిశోధన ఫలితమే తారుమారవుతుంది.

5. ముగింపు

స్ట్రెప్టోకాకస్ సూయిస్ మనిషికి సోకితే మెదడు పొరల వాపు, శాశ్వత చెవుడు కలగవచ్చు. మనుషుల్లో ఈ వ్యాధి తొలిసారి 1968లో డెన్మార్క్‌లో నమోదయింది. 2005లో చైనాలోని సిచువాన్‌లో రెండు వందలకు పైగా మనుషులు దీని బారిన పడ్డారు. పంది తలను కోసే చేతికి గాయముంటే ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ‘రోగవాహక జంతువు’ అన్నప్పుడు వినేవారికి జబ్బుపడిన జంతువే స్ఫురించే అవకాశం ఉంది. ‘పంది ఆరోగ్యంగా ఉన్నా గొంతులో క్రిమి ఉండవచ్చు’ అనే వాక్యం ఆ పొరపాటుకు తావివ్వదు.