శరీరములోని యంత్రమునకు పూచీ యెవరిది?

తలనొప్పి యన్నంతనే శొంఠిగంధము తీసి నొసట పట్టు వేసికొని పండుకొనుట మన యిండ్లలోని వాడుక. ఆ పట్టునకు లొంగని తలనొప్పులును కలవు. క్లస్టర్ తలనొప్పి యని వైద్యులు వ్యవహరించునది వానిలో మిక్కిలి క్రూరమైనది. ఒక కంటిచుట్టును బాధ పుట్టి పావుగంట మొదలు మూడుగంటలవఱకు నిలుచును. ఒక్కదినముననే యెనిమిది మారులు సైతము రావచ్చును. రోగి పండుకొనలేడు, కూర్చుండలేడు. తలను గోడకు కొట్టుకొనువారును కలరు. వీరిలో కొందఱకు మందులును పనిచేయవు, ప్రాణవాయువును పీల్చుటయు పనిచేయదు.

అట్టివారికై, నాడులకు విద్యుత్తు నందించు యంత్రమును శరీరమునందే యమర్చు పద్ధతి యేర్పడినది. తలంపు మాత్రము ప్రాచీనమే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమక వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, తాకినవారికి తిమ్మిరి పుట్టించు సముద్రపు చేపను ప్రాణముతోనే తలపై నుంచవలెనని వ్రాసెను. ఇప్పుడు చేపకు బదులు, తల వెనుక చర్మముక్రింద సన్నని తీగె నమర్చి, రొమ్మునందో పొట్టయందో పొదిగిన బ్యాటరీకి కలుపుదురు. అమెరికాలో వీనర్, రీడ్ అను వైద్యులు 1999 లో దీనిని గూర్చి ప్రకటించిరి. నొప్పి కంటివద్ద నుండగా తీగె తలవెనుక నేల యని చదువరు లడుగవచ్చును. ముఖమునుండి వచ్చు నాడియు, తలవెనుకనుండి వచ్చు నాడియు మెడలోని వెన్నుపాము పైభాగమున కలిసికొనును. ఒకదానిని కదలించిన రెండవదాని బాధ తగ్గునని వైద్యుల యూహ.

హాలెండు వైద్యుల యాధ్వర్యవమున జరిగి 2021 లో ప్రకటితమైన పరిశోధనయందు నూర్వురకు పైగా రోగులకు దీనిని ప్రయోగింపగా, నొప్పులు వచ్చు సంఖ్య ఇంచుమించు సగమునకు తగ్గెను. కాని యధికశక్తితో విద్యుత్తు పొందినవారికిని, అల్పశక్తితో పొందినవారికిని మేలు సమానముగనే కలిగెను. కావున నందు యంత్రముది యెంత, రోగి నమ్మకముది యెంత యను సందేహము పూర్తిగా తీరలేదు. తీగె జరుగుట, క్రిములు చేరుట, బ్యాటరీకై మరల కోత, ఇవి వేఱు.

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. కాలిఫోర్నియాలోని ఆటోనామిక్ టెక్నాలజీస్ అను కంపెనీ, చెంపయెముక వెనుకనున్న నాడీగ్రంథికి విద్యుత్తు నందించు బాదంపప్పంత యంత్రమును చేసెను. పంటిచిగుళ్ల మార్గమున దానిని లోపల నమర్తురు. నొప్పి వచ్చినపుడు రోగియే చేతిసాధనమును చెంపకానించి నడుపుకొనును. 700 మందికి పైగా దీనిని పొందిరి. 2019 లో కంపెనీ మూతపడెను! యంత్రములు ముఖములలో నుండిపోయినవి. వానిని కనిపెట్టియుండవలసిన సంస్థ లేకపోయెను. ఈ యుదంతమును నేచర్ పత్రిక 2022 లో లోకమునకు విశదపఱచెను.

పంపుసెట్టు అమ్మిన కంపెనీ దివాలా తీసిన, రైతు మఱియొక పంపుసెట్టు కొనును. ముఖములో పొదిగిన యంత్రము విషయమున రోగి కట్టి స్వేచ్ఛ లేదు. కంపెనీ లాభనష్టముల లెక్క వానికి తెలియదు. తెలిసినను చేయగలది లేదు. బాధకు తాళలేక వచ్చినవాడు బేరమాడునా?

మన దేశమున వైద్యపరికరముల నియమములు 2017 లో నేర్పడినవి. శరీరములో నమర్చు నాడీయంత్రముల కనుమతి నిచ్చునపుడే, సంస్థ మూతపడినను మరమ్మతులకును, తీసివేతకును చాలినంత ధరావతును ప్రభుత్వము పుచ్చుకొనవలెను. నిర్మాణపటములను తన స్వాధీనమున నుంచుకొనవలెను. శస్త్రచికిత్సకు ముందు రోగి సంతకము చేయు కాగితమునందు, బ్యాటరీ యెన్నేండ్లు నిలుచునో, తీసివేయవలసివచ్చిన ఖర్చెవరు భరింతురో, వానికి తెలిసిన భాషలో వ్రాసి చూపవలెను.