నల్లపొగ వెనక నాజిల్

గోదావరిఖనిలో పొగ, దుమ్ము గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బొగ్గు ఊరు కదా! అయినా మా పాత జీపు స్టార్ట్ చేశామంటే పక్కింటి వదిన పరుగెత్తుకొచ్చి దండెం మీది బట్టలు తీసేసుకునేది. అంత నల్లపొగ!

మావారు ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపి కూడబెట్టిన డబ్బుతో కొన్న సెకండ్‌హ్యాండ్ మహీంద్రా ఎంఎం 540 అది. ఆయన పోయి నాలుగేళ్లయింది. కాళేశ్వరం వెళ్లినా, మంచిర్యాలలో అక్కయ్య ఇంటికి వెళ్లినా మాకు ఆ జీపే. మా అబ్బాయి నడుపుతాడు, నేను పక్కన కూర్చుంటాను. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ గడువు నెత్తిమీదికొచ్చింది. ఈ పొగతో తీసుకెళ్తే పాసయ్యే ఆశ లేదు. ఒక మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఇంజిన్ బోరుకొచ్చిందమ్మా. నలభై వేలన్న పెట్టాలె, లేకుంటే తుక్కుకిచ్చెయ్" అన్నాడు. మరునాడే తుక్కు కొనేవాడు గేటు దగ్గర నిలబడ్డాడు. అతనికి ఎవరు చెప్పారో మరి!

ఇచ్చేద్దామనే అనుకున్నాను. కానీ మావారు ఎప్పుడూ అనే మాట ఒకటి గుర్తొచ్చింది. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు, నల్లగా వస్తే డీజిల్ సరిగా కాలనట్టు. బోరు అరిగితే నీలిపొగ రావాలి కదా, మాది తారులా నలుపు! ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పించాను. గుప్పెడు బొగ్గుపొడి వచ్చింది. పొగ కాస్త తగ్గింది గానీ పోలేదు. ఇక మిగిలింది నాజిళ్లే.

మా ఊళ్లో పంపు, నాజిల్ పని మాత్రమే చేసే ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు. షాపు చిన్నదే గానీ బల్ల మీద దుమ్ము ఉండదు. "దుమ్ము ఒక్క రవ్వ పోయినా ఖతం" అంటాడు. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, నాజిళ్లకు వెళ్లే సన్నపైపుల బిగింపులు ఒక్కొక్కటే కొంచెం వదులు చేశాడు. మంచి సిలిండర్‌ది వదులైతే ఇంజిన్ తడబడుతుంది. మూడోది వదిలితే చప్పుడులో ఏ తేడా లేదు! "గిదే దొంగ" అన్నాడు.

నాజిల్ చేసే పని మనకు తెలియనిదేం కాదు. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే సీసా లాంటిదే. మంచులా పడితే బట్టంతా సమంగా తడుస్తుంది. మూతికి అడ్డం పడిందా, చుక్కలు కారి మరక పడుతుంది. డీజిల్ కూడా అంతే. పొగమంచులా చల్లితేనే పూర్తిగా కాలుతుంది, చుక్కలుగా కారితే సగం కాలి మసి అవుతుంది.

విప్పిన నాజిల్‌ను చేతిపంపున్న టెస్టర్‌కు బిగించి, లివర్ నొక్కాడు. మంచివి మూడూ గడియారం ముల్లు వంద దాటాక కీచుమంటూ సన్నటి మంచు చిమ్మాయి. నాలుగోది ఎనభైకే తెరుచుకుని బొట్లు బొట్లుగా కారింది. మూతి నిండా గట్టిపడిన మసి. దాన్ని ఇత్తడి బ్రష్‌తో రుద్దాడు. ఎమరీ కాగితం పెడతాడేమో అనుకున్నాను. "అట్ల జేస్తే రంధ్రమే చెడ్తది బిడ్డా" అన్నాడు. లోపలి సూదీ, దాని ఒళ్లూ కలిపి రాసిన జంట. ఒకదాని సూది ఇంకోదాన్లో వేయకూడదట. ఒత్తిడి తక్కువైతే స్ప్రింగ్ కింద పల్చటి బిళ్ల వేసి పెంచాలి. తిరిగి బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తదే వేయాలి. పాతది వేసుకుంటే కాస్త డబ్బు మిగిలి, గ్యాస్ లీకవుతుంది!

గోడకు మైకో కంపెనీ పాత రేకుబోర్డు ఒకటి వేలాడుతోంది. బెంగళూరులో 1951లో పెట్టిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్ అయింది గానీ మేస్త్రి నోట ఇప్పటికీ మైకోనే. జర్మనీలో బాష్ వాళ్లు డీజిల్ పంపుల్ని 1927లోనే పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ పద్ధతినే పెట్రోలుకు మార్చి మెర్సిడెస్ వాళ్లు 1954లో 300 ఎస్‌ఎల్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెక్కల్లా పైకి తెరుచుకునే తలుపుల కారది. సినిమా తారలు మోజుపడ్డ ఆ కారుకీ, మా తుప్పు జీపుకీ ఈ విషయంలో చుట్టరికం ఉందన్నమాట!

ఇదంతా చూస్తూ నేను, మంచు ఎంత మెత్తగా పడుతోందోనని వేలు చాచాను. మేస్త్రి నా చేతిని గట్టిగా లాగేశాడు. ఒక్క నిమిషం నోట మాట రాలేదు. తర్వాత తన ఎడమచేయి చూపించాడు. చూపుడువేలు సగమే ఉంది.

యవ్వనంలో ఆ చిమ్ముడు ముందు వేలు పెట్టాడట. ముల్లు గుచ్చుకున్నంత చుక్క, నెత్తురు కూడా రాలేదు. పసుపు పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి వేలు వంకాయంత వాచింది. అప్పుడు ఆస్పత్రికి పోతే ఆలస్యమైపోయింది. అంత ఒత్తిడితో దూసుకొచ్చే డీజిల్ చర్మం కింద, కండలోకి పోయి పాకుతుంది. పైన మాత్రం ఏమీ కనిపించదు. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, 'ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది' అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. వేలు నిలవాలంటే ఆపరేషన్ కూడా అవసరం కావచ్చు. మన మగవాళ్లు, పిల్లలు ఏ వర్క్‌షాపులోనో పనిచేసి "ఏం లేదే, చిన్నగా గుచ్చుకుంది" అంటే మనమూ పసుపే కదా అద్దుతాం?

నాజిళ్లు బిగించాక ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలేశాడు. చేతిపంపు కొట్టి బుడగలు పోయేదాకా గాలి తీశాడు. బిల్లు ఆరువేలు దాటలేదు. స్టార్ట్ చేస్తే మొదట ఒక్క బుస్సు, తర్వాత గొట్టం దగ్గర చేయి పెడితే వేడిగాలే!

పొగ పరీక్షలో పాసైంది, రిజిస్ట్రేషనూ ఐదేళ్లు పొడిగించారు. మా అబ్బాయి ఆ షాపుకు రెండు జతల కళ్లద్దాలు కొనిచ్చాడు, పనికొచ్చే కుర్రాళ్ల కోసం. పోయిన ఆదివారం జీపు తీస్తుంటే పక్కింటి వదిన అలవాటుగా బయటకొచ్చి, దండెం వైపూ గొట్టం వైపూ చూసి, బట్టలు తీయకుండానే లోపలికి వెళ్లిపోయింది.