కవితా చిత్రం తీద్దాం: ఉచిత శబ్దాలు, దృశ్యాలు ఎక్కడ దొరుకుతాయి?

మన హాస్టల్ వార్షికోత్సవం అంటే పాటలు, ఏకపాత్రాభినయాలు, డాన్సులు, అన్నిటికన్నా చివర కవితా పఠనం. కవితల వంతు వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. సగం మంది కునుకు తీస్తుంటారు, మిగతా సగం మంది భోజనాల వైపు చూస్తుంటారు. అందుకని పోయినసారి మేము కొందరం కలిసి ఒక కవితను తెర మీద చూపిద్దామనుకున్నాం. ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడొకడు తన ట్రంకు పెట్టె మీద రాసిన కవిత అది. అమ్మ కూలి డబ్బులతో కొన్న పెట్టె, దానికో తాళం, తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని పడుకునే పిల్లవాడు. అంతే కవిత.

మూడు నిమిషాల చిత్రం తయారైంది. తమ్ముడు తన గొంతుతోనే చదివాడు. వెనకాల ఒక సినిమా పాట సంగీతం పెట్టాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఊళ్లో వాళ్లమ్మ కూడా చూడాలని మరునాడు నెట్‌లో పెట్టాం. సాయంత్రానికల్లా శబ్దం మొత్తం ఆగిపోయింది. ఆ సంగీతానికి హక్కుదారులు ఉన్నారట. వాళ్లమ్మకు చదువు రాదు. తెర మీద ఎన్ని అక్షరాలున్నా ఆమెకు అందేది కొడుకు గొంతొక్కటే. ఆ గొంతే లేకుండా పోయింది. తప్పు మాదే. ఆ తప్పు దిద్దుకోవడానికి రెండు నెలలు తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

కవితా చిత్రం కొత్తది కాదు

కవితను, దృశ్యాన్ని, శబ్దాన్ని కలిపి తీసే చిన్న సినిమాను కవితా చిత్రం అంటారు. 1921లో పాల్ స్ట్రాండ్, చార్లెస్ షీలర్ అనే ఇద్దరు న్యూయార్క్ నగరం మీద ‘మన్‌హట్టా’ అనే మూకీ చిత్రం తీశారు. దృశ్యాల మధ్య వాల్ట్ విట్మన్ కవితా పంక్తులను అట్టల మీద రాసి చూపించారు. బెర్లిన్‌లో 2002లో జీబ్రా పేరుతో కవితా చిత్రాల ఉత్సవమే మొదలైంది. కాబట్టి మనం చేసేది ఆటవిడుపు పని కాదు, దానికీ ఒక వరస ఉంది.

ఉచితం అంటే ఏమిటి?

నెట్‌లో ఉచితంగా వినబడేదంతా ఉచితంగా వాడుకునేది కాదు. ముందు ఇది తెలుసుకోవాలి. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కవితపై హక్కు కవి జీవితకాలమూ, ఆయన చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లూ ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కనుక ఆయన కవితలు ఎవరైనా వాడుకోవచ్చు. మేము మొదట జాషువా ‘గబ్బిలం’ తీద్దామనుకున్నాం. ఆయన 1971లో మరణించారు. అంటే 2031 చివరి దాకా హక్కుదారుల అనుమతి కావాలి. అనువాదమైతే అనువాదకుడికీ వేరే హక్కు ఉంటుంది. మన హాస్టల్ కవిత తీస్తే అడగవలసింది పక్క మంచం మీద తమ్ముణ్ణే.

కొందరు తమ పనిని ఇతరులు వాడుకోమని ముందే అనుమతి ఇచ్చి పెడతారు. అందుకోసం 2001లో ఏర్పడిన సంస్థే క్రియేటివ్ కామన్స్. దాని లైసెన్సుల మీద ఉండే అక్షరాలు గుర్తుంచుకోండి.

బీవై అంటే చేసినవారి పేరు తప్పక వేయాలి. ఎస్ఏ అంటే దాన్ని మార్చి తయారుచేసిన దానిని మనమూ అదే షరతు మీద ఇతరులకు ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడరాదు. ఎన్‌డీ అంటే మార్పులు చేసి పంచరాదు. ఎన్‌డీ ఉన్న సంగీతాన్ని దృశ్యాలకు జతచేయడం కూడా మార్పు కిందికే వస్తుంది కనుక అది మనకు పనికిరాదు. సీసీ జీరో అని ఉంటే ఏ షరతూ లేదు.

ఎక్కడ వెతకాలి?

శబ్దాలకు మాకు బాగా పనికొచ్చింది ఫ్రీసౌండ్. 2005లో బార్సిలోనాలోని పాంపెయూ ఫాబ్రా విశ్వవిద్యాలయం వారు ప్రారంభించారు. వాన, రైలు, కోడికూత, తలుపు కిర్రుమనడం, ఇలాంటివన్నీ ఉంటాయి. వినడానికి ఏమీ అక్కర్లేదు, దించుకోవడానికి మాత్రం ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి. ప్రతి శబ్దానికీ లైసెన్సు వేరువేరుగా ఉంటుంది.

పాత దృశ్యాలకు 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. అందులో ప్రెలింగర్ ఆర్కైవ్స్ అనే విభాగం చూడండి. పాత ప్రకటనలు, పాఠాల సినిమాలు, కర్మాగారాల చిత్రాలు, ఇళ్లలో తీసుకున్న చిత్రాలు అక్కడ దొరుకుతాయి. రిక్ ప్రెలింగర్ అనే ఆయన ఇతరులు పారేసిన రీళ్లు కూడబెడితే అవి 60,000 పైన అయ్యాయి. 2002లో ఆ రీళ్లను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తీసుకుంది. అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఏదైనా ఎక్కించవచ్చు. అందుచేత అక్కడ ఉన్నంత మాత్రాన స్వేచ్ఛగా వాడుకోవచ్చని అనుకోరాదు, హక్కుల వివరం చదవాలి.

2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో ఫొటోలతోపాటు ఆడియో, వీడియో కూడా ఉన్నాయి. ఎన్‌సీ, ఎన్‌డీ షరతులున్నవాటిని అక్కడ చేర్చుకోరు కనుక మనకు కొంత నిశ్చింత. చంద్రుడు, మబ్బులు, రాత్రివేళ భూమి కావాలంటే నాసా వీడియోలు చూడండి. వాటిలో ఎక్కువ భాగానికి కాపీరైట్ లేదు. నాసా చిహ్నాన్ని మాత్రం మన చిత్రంలో వాడకూడదు. పిక్సాబే, పెక్సెల్స్ సైట్లలో కూడా మంచి వీడియోలున్నాయి, వాటికి సొంత షరతులు ఉంటాయి. సంగీతానికి యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉంది. పేరు వేయాలో అక్కర్లేదో ప్రతి పాట పక్కనే చెబుతుంది.

మేము చేసిన పద్ధతి

మొదట కవితను చేత్తో రాసి ప్రతి పంక్తి పక్కన ఏ శబ్దం, ఏ దృశ్యం కావాలో రాసుకున్నాం. అప్పుడే నెట్ తెరిచాం. లేకపోతే డేటా అంతా చూడడానికే అయిపోతుంది. ఈ సైట్లలో పేర్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి తెలుగు మాటకు సరిపోయే రెండు మూడు ఇంగ్లీషు మాటలు సిద్ధం చేసుకోవాలి. ‘వాన’ అని వెతికితే దొరకనిది ‘రెయిన్ ఆన్ టిన్ రూఫ్’ అంటే దొరికింది. అది అచ్చం మన పాత వంటశాల రేకుల మీద వానలాగే ఉంది.

ఒక నోటుపుస్తకం పెట్టి, దించుకున్న ప్రతిదానికీ పేరు, చేసినవారి పేరు, సైటు, లైసెన్సు, తేదీ రాశాం. చిత్రం చివర పేర్లు వేసేటప్పుడు వెతుక్కునే పని లేకుండా పోయింది.

కవితలో ఉన్నదే తెర మీద చూపించనక్కర్లేదు. కవిత ‘అమ్మ’ అన్నచోట మేము అమ్మను చూపలేదు, తుప్పు పట్టిన తాళం చూపించాం. గొంతును డార్మిటరీలో ఫ్యాన్లు ఆపి, నాలుగు పక్కలా రగ్గులు వేలాడదీసి ఫోనులోనే రికార్డు చేశాం. రగ్గులు గది మోతను మింగేస్తాయి. శబ్దాలు కలపడానికి ఆడాసిటీ, దృశ్యాలు కూర్చడానికి షాట్‌కట్ వాడాం. రెండూ ఉచితమే. వెనక శబ్దం ఎప్పుడూ గొంతుకన్నా తక్కువగా ఉండాలి.

డప్పు సంగతి

చివర్లో డప్పు మోత కావాలి. ఎంత వెతికినా మాకు కావలసిన దరువు దొరకలేదు. అప్పుడు మాలో ఒకడి ఊరికి వెళ్లి, డప్పు కొట్టే పెద్దాయన అనుమతి అడిగి రికార్డు చేసుకున్నాం. “పేరు వేస్తారా?” అని అడిగాడాయన. వేస్తామన్నాం. “ఇన్నేళ్లు కొట్టాను, నా పేరు ఎవరూ రాయలేదు,” అన్నాడు.

లైసెన్సు అంటే ఏమిటో మాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మన తాతల పాటలు, దరువులు ఎన్నో పేరు లేకుండానే వాడుకున్నారు. మనం కూడా ఎక్కడో వాన శబ్దం పట్టుకున్నవాడి పేరు మింగేస్తే ఇక తేడా ఏముంది? ఆయన ఒప్పుకున్నాక ఆ దరువును ఆయన పేరుతోనే బీవై లైసెన్సు కింద ఫ్రీసౌండ్‌లో పెట్టాం. తీసుకున్నచోట మనమూ కొంత ఇవ్వాలి కదా.

కొత్త చిత్రం నెట్‌లో అలాగే ఉంది, శబ్దం పోలేదు. వాళ్లమ్మ విన్నది. రెండోసారి కూడా పెట్టించుకుని విన్నదట.

తమ్ముళ్లూ, మా నోటుపుస్తకం రీడింగ్ రూము బీరువాలో ఉంచాం. అందులో ఇంకా చాలా కాగితాలు ఖాళీగా ఉన్నాయి. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి: మీ కాలంలో రాసుకున్న కవితలేవైనా ఉంటే మీ గొంతుతో చదివి పంపండి. దృశ్యాలు, శబ్దాలు మేము వెతుకుతాం, మీ పేరు తప్పకుండా వేస్తాం.