మెదడు గీసే గీతలు

గోడగడియారంలో వేసే చిన్న బ్యాటరీ 1.5 వోల్టుల విద్యుత్తును ఇస్తుంది. మెదడు పనిచేస్తున్నప్పుడు తలపై చర్మం మీదికి చేరే విద్యుత్తు అందులో సుమారు 30 వేలవ వంతు. ఇంత స్వల్పమైన స్పందనను కాగితం మీదికి ఎక్కించడం సామాన్యమైన పని కాదు.

1875లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల మెదళ్లలో విద్యుత్ ప్రవాహాలను గుర్తించాడు. అయితే అందుకు వాటి పుర్రెలను తెరవవలసి వచ్చింది. పుర్రెను తెరవకుండా మనిషి మెదడు స్పందనలను పట్టుకోవాలని పూనుకొన్నవాడు జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడైన హాన్స్ బెర్గర్. 1924లో ఆయనకు మొదటి గీతలు లభించాయి. అవి నిజంగా మెదడువేనా? నాడి కొట్టుకోవడం వల్లనో, కండరాల కదలిక వల్లనో ఏర్పడినవా? ఈ సందేహం ఆయనను విడువలేదు. కన్నకొడుకు తలపై కూడా ప్రయోగాలు చేసి, అయిదేళ్ల తరువాత, 1929లో గాని ఫలితాలను ప్రకటించలేదు. కళ్లు మూసుకొని ప్రశాంతంగా ఉన్నవారిలో సెకనుకు పదిసార్లు లేచిపడే తరంగాలు, కళ్లు తెరవగానే అణగిపోతాయని ఆయన గమనించాడు. తోటి శాస్త్రజ్ఞులు తొందరగా నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనేవారు అదే ప్రయోగం చేసి చూపిన తరువాతనే లోకం అంగీకరించింది.

ఒక్క నాడీకణం చేసే సవ్వడి తల వెలుపలికి వినిపించదు. మెదడు పైపొరలో లక్షలాది కణాలు ఒకే లయలో స్పందించినప్పుడు ఆ మొత్తం పుర్రెను దాటి వస్తుంది. తలపై నిర్ణీత స్థానాలలో, సాధారణంగా ఇరవై ఒక్క చోట్ల, చిన్న లోహపు బిళ్లలను జిగురువంటి పదార్థంతో అంటిస్తారు. వీటినే ఎలక్ట్రోడులు అంటారు. రెండేసి స్థానాల మధ్య తేడాను యంత్రం వేలరెట్లు పెంచి గీతగా చూపుతుంది. ఈ పరీక్షే ఇ.ఇ.జి. రెప్పపాటు, పళ్లు బిగించడం కూడా ఆ గీతలను చెదరగొడతాయి. తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మనడం కూడా బిళ్లలు చర్మానికి చక్కగా అంటుకోవడానికే. ఈ యంత్రం తలలోకి విద్యుత్తును పంపదు. మనసులోని ఆలోచనలను చదవదు. ఈ రెండు అపోహలూ చదువుకొన్నవారిలోనూ కనిపిస్తాయి.

దీని ప్రయోజనం మూర్ఛవ్యాధి నిర్ణయంలో స్పష్టంగా తెలుస్తుంది. తరగతిలో పాఠం వింటున్న పిల్లవాడు ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడు, పిలిస్తే పలకడు. పరధ్యానమని ఉపాధ్యాయుడు మందలిస్తాడు, తల్లిదండ్రులు దండిస్తారు. ఇటువంటి పిల్లవానికి పరీక్ష జరుపుతూ మూడు నిమిషాలు గట్టిగా గాలి పీల్చి వదలమంటే, మూర్ఛ ఉన్నపక్షంలో తరచుగా సెకనుకు మూడుసార్లు పదునుగా లేచే తరంగాలు కనిపిస్తాయి. అప్పుడది నిర్లక్ష్యం కాదని, మందులతో అదుపు చేయదగిన వ్యాధి అని తేలుతుంది. అయితే గీతలు మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పడానికి వీలులేదు. పరీక్ష జరిగిన అరగంటలో మెదడు ప్రశాంతంగా ఉండి ఉండవచ్చు. అందువల్ల వైద్యులు రోగి లక్షణాలను విచారించి, అవసరమైతే నిద్రలో మరొకసారి పరీక్షిస్తారు.