సతీర్థ్యశబ్దార్థము — ఆవాసకళాశాల

"సతీర్థ్య" శబ్దమునకు ఏకగురువు గలవాఁడని నిఘంటువు లర్థము చెప్పును. పాఠశాలలయందలి పండితులును సహాధ్యాయి, సతీర్థ్యుఁడు అను రెంటిని పర్యాయములుగనే బోధింతురు. వ్యవహారమున నిది చెల్లుఁగాక. వ్యుత్పత్తిని విమర్శించినచో రెంటికిని భేదము కలదు. సహాధ్యాయి కలిసి చదువువాఁడు. సతీర్థ్యశబ్దమునందో, చదువును జెప్పు ధాతువే లేదు. పాణిని నాల్గవ యధ్యాయము నాల్గవ పాదమున సమానతీర్థశబ్దముమీఁద యత్ప్రత్యయమును విధించుచు, దానికి వసించువాఁడను నర్థమును జెప్పెను. సమానశబ్దమునకు "స" యను నాదేశము ఆఱవ యధ్యాయమున వేఱుగా విధింపఁబడినది. ఇచటఁ దీర్థమనఁగా గురువు. కావున ఒక్క గురువునొద్ద నివసించువాఁడే సతీర్థ్యుఁడు. చదువు ఆ నివాసమునందే యంతర్భూతము.

ఈ నివాసమున నిలుకడ లేనివానిని నిందించుటకును వ్యాకరణమునఁ జోటు కలదు. రెండవ యధ్యాయమున నిందార్థకములగు సమాసములలో "తీర్థకాక" యనునది యుదాహృతమైనది. రేవునందలి కాకి చిరకాల మొకచోట నుండనట్లు, గురుకులములకుఁ బోయి నిలువక తిరుగువాఁడు తీర్థకాకమని పతంజలి వివరించెను. రాజమహేంద్రవరమునఁ గోటిలింగాలరేవున, పిండమునకై వ్రాలి మఱుక్షణమున నెగిరిపోవు కాకులను జూచినవారికి ఈ యుపమానమునకు వ్యాఖ్య యక్కఱలేదు.

ఇప్పుడు ఆవాసకళాశాల యనఁబడు సంస్థయు ఈ యర్థమునే యాశ్రయించినది. పెద్ద విశ్వవిద్యాలయమునఁ బరిశోధనాగారములు, వృత్తివిద్యాశాఖలు అనేకము లుండును. వాని నడుమ సాహిత్యము, చరిత్రము, తత్త్వము, గణితము మొదలగువానిని ఒక జీవికకై కాక బుద్ధివికాసమునకై చదువు విద్యార్థుల చిన్నకూటమి, అధ్యాపకులతోఁ గూడ నొక్క యావరణమున వసించుట దాని లక్షణము. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జిలలోఁ గాలేజి యనఁగా ప్రధానముగా నివాసస్థానమే. 1836లో నేర్పడిన లండను విశ్వవిద్యాలయమో, పరీక్షలు జరిపి పట్టము లిచ్చుటకై పుట్టినది. 1857లోఁ గలకత్తా, బొంబాయి, మదరాసులయందు స్థాపింపఁబడిన విశ్వవిద్యాలయములు ఈ రెండవదానిని మాతృకగాఁ గొన్నవి. గోదావరీతీరకళాశాలల స్థితికి నిదియే మూలము.

రాజమహేంద్రవరమున 1853లో జిల్లాపాఠశాలగాఁ బుట్టి 1873లోఁ గళాశాలయైన ప్రభుత్వవిద్యాలయము మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబద్ధమై యుండెను. (దీనిని "ఆర్ట్సు కళాశాల" యనుట రూఢమైనది. ఆర్ట్సనఁగాఁ గళలే కదా. కళాకళాశాల యన్నట్లే యున్నది. రూఢిని దిద్దఁబోవుట వృథాశ్రమము.) కందుకూరి వీరేశలింగము పంతులుగా రిచటఁ దెలుఁగు పండితులుగా నుండిరి. ప్రధానాచార్యుఁడగు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర దామెర్ల రామారావునందలి చిత్రకళాప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. ఆచార్యశిష్యుల సన్నిహితసంబంధము ఇచట నసంభవము కాలేదనుటకు ఇవి చాలును. కాని యది వ్యక్తుల గుణము. సంస్థయొక్క నియమము కాదు.

విశ్వవిద్యాలయ మెఱిఁగినది హాజరుపట్టీ, పరీక్షాపత్రము. కోనసీమనుండి యేఱులు దాఁటి వచ్చిన పేదపిల్లవాఁడు రాత్రి యెవరి యరుగుపైఁ బండుకొనునో, పగలెవరియింట భుజించునో దాని కక్కఱలేదు. వారములు చేసికొని చదువుట యనుమాట వృద్ధులకుఁ దెలిసినదే: ఆదివార మొకరియింట, సోమవార మింకొకరియింట, ఇట్లేడిండ్ల యన్నముతో నొక చదువు సాగెడిది. ఆ యన్నము పెట్టిన తల్లుల పేళ్లు ఏ పట్టికలోను లేవు. వారు లేనిచో ననేకుల పట్టములును లేవు. ఐనను ఆ యన్నము అందఱు బాలురకును దొరకినది కాదు. కులము దానికి హద్దు. పూర్వపు గురుకులమును బొగడువారు ఈ హద్దును మఱవరాదు.

1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగా స్థాపింపఁబడి, 1930లో వాల్తేరునకుఁ దరలెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులు. 1931 మొదలు 1936 వఱకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, 1918లో మైసూరునకుఁ బోవుటకుఁ బూర్వము రాజమహేంద్రవర కళాశాలలోఁ దత్త్వశాస్త్రమును బోధించినవారే. వారి కాలమున వాల్తేరు మిట్టపై విశ్వవిద్యాలయము స్వయముగా నడపు కళాశాలయు, ఆనర్సు తరగతులును, వసతిగృహములును వృద్ధిపొందినవి. హుమాయూన్ కబీరు, హీరేంద్రనాథ్ ముఖర్జీ వంటి యువాచార్యులు దూరదేశమునుండి వచ్చి బోధించిరి. జయపురాధీశులగు విక్రమదేవవర్మగారి ధనసాహాయ్యమున శాస్త్రసాంకేతికకళాశాల ప్రక్కనే నెలకొనెను. కావ్యము చదువువాఁడును, రసాయనపరిశోధకుఁడును ఇరుగుపొరుగులైరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ సంస్థ గుంటూరునకుఁ దరలిపోయి మరలివచ్చెను.

తెలుఁగునేలకు ఇట్టి కూర్పు క్రొత్త కాదు. 1261 నాఁటి మల్కాపురశాసనమునఁ గృష్ణాతీరమందలి మందడమున విశ్వేశ్వరశివాచార్యుల గోళకీమఠమునకుఁ జేసిన యేర్పాటు వర్ణితము. రుద్రమదేవి కాలపు ఆ ధర్మసంస్థలోఁ బ్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రము ఉండెను. వానితోడనే వేదములకును, పదవాక్యప్రమాణాదిశాస్త్రములకును ఆచార్యులు నియమితులైరి. పెద్దసంస్థ యొడిలో విద్యాలయము, అన్నము, వైద్యము ఒకచోటనే యుండుట అందుఁ జూడనగును.

వాల్తేరు విశ్వవిద్యాలయమునకు రెండు స్వభావము లుండెను. స్వీయావరణమున నది యావాసరూపము. రాజమహేంద్రవరమునకును, కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకును అది పరీక్షాధికారి మాత్రమే. ఒకే పట్టము నొందినవారిలోఁ గొందఱు సతీర్థ్యులు, తక్కినవారు సహాధ్యాయులు. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము రాజమహేంద్రవరమున నెలకొని, ఉభయగోదావరీమండలముల కళాశాలలు దానికి అనుబద్ధములైనవి. దూరము తగ్గినది, సంబంధము మాఱలేదు.

వసతిగృహము గలదు గనుక ఆవాసకళాశాలయు నైనదే యని కొంద ఱందురు. సమానతీర్థశబ్దమున రెండు పదములు గలవు. ఒక్క కప్పుక్రింద నుండుటచే సమానత్వము సిద్ధించును. గురువు సాయంతనమున గంట కొట్టఁగనే తన యింటికిఁ బోవుచోఁ దీర్థపదమున కర్థము మిగులదు. అట్టివారిని సహవాసులనవచ్చును. యత్ప్రత్యయమునకుఁ బ్రాప్తి లేదు.