జపాను గ్రుడ్డు సాండ్‌విచ్‌లో బలమెంత?

జపాను దుకాణాల్లో చల్లని అరలలో ఉంచి అమ్మే ‘తమాగో సాండో’ అంటే గ్రుడ్డు సాండ్‌విచ్. ఉడికించి మెదిపిన గ్రుడ్లలో మయోనైజ్ కలిపి, అంచులు కోసిన మెత్తని రొట్టె ముక్కల నడుమ పెడతారు. అక్కడ 1925 నుండి అమ్ముతున్న క్యూపీ మయోనైజ్‌కు పచ్చసొనలే వాడతారు. ఆ కమ్మదనము దానిదే.

బలము మాత్రం ఉడికిన గ్రుడ్డుదే! ఒక్కదానిలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, బి12 విటమిను ఉన్నవి. మయోనైజ్ చాలావరకు నూనె. పెద్ద చెంచాడుకే ఇంచుమించు 100 కేలరీలు. గ్రుడ్డులో పీచు లేదు, సి విటమినూ లేదు. తెల్లరొట్టె ఆ లోటు తీర్చదు, ప్రక్కన ఒక జామకాయ తీర్చగలదు.

పచ్చి గ్రుడ్డు మయోనైజ్‌తో జాగ్రత్త. హైదరాబాదులో కలుషితాహారము వలన పలువురు జబ్బుపడగా, తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరులో దానిని ఒక సంవత్సరము నిషేధించింది. తల్లులారా, ఇంట చేసినప్పుడు బదులుగా గట్టి పెరుగు కలిపి, పిల్లలకు అప్పటికప్పుడే పెట్టండి.