తాళం ఎక్కడ మోగుతుంది?

ఎడ్లపాడులో మా అరుగు మీద కూర్చుని ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన త్యాగరాజ కీర్తన ‘ఓ రంగశాయి’ పెట్టుకుంటాను. పల్లవి అందుకోగానే నా కుడిచేయి తొడ మీద తాళం వేయడం మొదలుపెడుతుంది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాల ఆదితాళం. మన సంగీతంలో శ్రోత కూడా కొంత ఆడుతూనే వింటాడు.

1984లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ అనే అమెరికన్ నృత్యకారుడు ఈ పాటకే, ఈ గొంతుకే, ఒంటరిగా ఆడాడు. అది కూచిపూడి కాదు, భరతనాట్యమూ కాదు. తాను కూర్చుకున్న ఆధునిక నృత్యం. అక్కడ చూసినవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఎందరుంటారు? మాట అందనిచోట లయ అందింది.

ఇలాంటిదానికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు. కథ చెప్పకుండా, లయను పట్టుకుని అంగాలు కదలడం నృత్తం. కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప 13వ శతాబ్దంలో రాసిన గ్రంథం పేరే ‘నృత్తరత్నావళి’. మా మండలంలోని కొండవీడును ఏలిన కుమారగిరిరెడ్డి కూడా ‘వసంతరాజీయం’ అనే నాట్యశాస్త్రం రాశాడు. లకుమాదేవి ఆయన ఆస్థాన నర్తకి. ఆ గ్రంథం మనకు దక్కలేదు. కొండ కనబడినప్పుడల్లా నాకు ఆ లోటే గుర్తొస్తుంది.

ఇంతకీ చేయి ఎందుకు ఆగదు? 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే శాస్త్రవేత్తలు మనుషులను మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి లయలు వినిపించారు. స్పష్టమైన దెబ్బ ఉన్న లయ వినిపించినప్పుడు, ఒళ్లు కదలకపోయినా, కదలికలను నడిపే మెదడు భాగం, బేసల్ గాంగ్లియా, చురుకైంది. సమానమైన ఎడంతో మోగే శబ్దానికి వేలితో తట్టమంటే చాలామంది శబ్దం కంటే సెకనులో కొన్ని వందో వంతులు ముందే తడతారు. అంటే మనం దెబ్బను విని తట్టడం లేదు. వస్తుందని ఎదురెళ్లి తడుతున్నాం.

చూపు సంగతీ అంతే. 2005లో లండన్‌లో బాలే నర్తకులకు, బ్రెజిల్ యుద్ధకళ కపోయిరా ఆడేవాళ్లకు రెండు రకాల వీడియోలూ చూపించారు. తమకు వచ్చిన అడుగులు చూస్తున్నప్పుడు వారి మెదడులోని కదలిక భాగాలు ఎక్కువగా మేలుకున్నాయి. కోలాటం వేసిన చేతులకు కోలాటం మరోలా కనబడుతుందని మన పల్లెల్లో వేరే చెప్పాలా!

మోరిస్ బృందమే 2001లో బ్రూక్లిన్‌లో పార్కిన్సన్స్ రోగులకు నృత్య తరగతులు మొదలుపెట్టింది. ఈ జబ్బులో డోపమిన్ తయారుచేసే కణాలు నశించి, బేసల్ గాంగ్లియా పని దెబ్బతింటుంది. కాలు లేవాల్సిన క్షణం లోపలి నుంచి అందదు. బయటి నుంచి లయ వినబడితే చాలామందికి అడుగు సాగుతుంది. నృత్యం జబ్బును తీసేయదు, మందులు మానకూడదు. అయినా ఆ ఒక్క అడుగు చిన్నది కాదు.

ఈ జబ్బే ఉన్న మా పెదనాన్న గుమ్మం దగ్గరకు రాగానే కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతారు. చేయి పట్టి లాగితే తూలతారు. ఇప్పుడు నేను లాగను. పక్కన నిలబడి ఆదితాళం వేస్తాను. ఒక్కోసారి రెండు ఆవర్తాలు పడుతుంది. మూడో ఆవర్తం మొదటి దెబ్బకు ఆయన కుడికాలు గడప దాటుతుంది.